బిడ్డకు లేఖన పదమును పేరుగా పెట్టుట: వరంగల్లు సంఘముల నేపథ్యములో ఒక పరిశీలన

వరంగల్లు, హనుమకొండ, కాజీపేట ప్రాంతపు క్రైస్తవ కుటుంబములలో బిడ్డ పుట్టిన ఇరవై ఒకటవ దినమున తొట్టెలలో వేసేటప్పుడు కాపరిని పిలిచి, "అయ్యగారూ, మంచి వాక్యపు పేరు చెప్పండి" అని అడగటం వాడుక. వెనుకటి తరములో ఈ మాటకు అర్థము తేటగా ఉండేది. దావీదు, దానియేలు, రూతు, ఎస్తేరు అని లేఖనములోని ఒక వ్యక్తి పేరు చెబితే చాలును. ఇప్పుడు అడుగుతున్నది వ్యక్తి పేరు కాదు, పదము. రక్షణ, సువార్త, నిరీక్షణ, ఆరాధన, స్తుతి, దీవెన, హోసన్న, షాలోము, మారనాత. కొందరు ఇంకొక అడుగు ముందుకు వేసి మెస్సీయ, ఎల్‌షద్దాయి వంటివి కూడా కోరుతున్నారు.

కాపరులు నలుగురు కూడిన చోట ఈ విషయముపై అభిప్రాయములు తేలికగా కలవవు. పరిశుద్ధమైన మాటను వీధిలో కేకవేసి పిలిచే పేరుగా మార్చకూడదని కొందరంటారు. బిడ్డను పిలిచిన ప్రతిసారి ఇంట్లో దేవుని మాట వినబడుతుంది గదా, అంతకంటె మేలైనది ఏముందని మరికొందరంటారు. పేరులో ఏమీ లేదు, బాప్తిస్మములోనే అంతా ఉన్నదని చెప్పేవారూ ఉన్నారు. ఈ మూడు పక్షములవారూ అడుగుతున్న ప్రశ్న ఒక్కటే: ఆ మాట పేరుగా ఉండదగినంత మంచిదా, లేక ఉండరానంత పవిత్రమైనదా? ఈ ప్రశ్న మాటను గూర్చినదే గాని బిడ్డను గూర్చినది కాదని మా అభిప్రాయము. ఆ మాటను డెబ్బది ఎనుబది ఏండ్లు మోయబోయేది ఆ బిడ్డ. కాబట్టి అది ఆ బిడ్డకు ఇచ్చిన వరమా, లేక నెత్తిన పెట్టిన బరువా అని అడగటము నుండి విచారణ మొదలుకావాలి.

మన నేల మీది పేర్లు

దైవ సంబంధమైన మాటను బిడ్డకు పెట్టుట క్రైస్తవులు ఇక్కడికి తెచ్చిన ఆచారము కాదు. ఓరుగల్లు ప్రాంతమంతా అటువంటి పేర్లతో నిండి ఉన్నది. మేడారము జాతర నుండి సమ్మయ్య, సమ్మక్క, సారయ్య, సారక్క. కొమురవెల్లి మల్లన్న నుండి కొమురయ్య, కొమురమ్మ, మల్లయ్య. ఐలోని మల్లన్న నుండి ఐలయ్య, ఐలమ్మ. వేములవాడ రాజన్న నుండి రాజయ్య. గుట్ట నరసింహస్వామి నుండి యాదగిరి, నర్సయ్య. వీటిలో చాలా పేర్ల వెనుక ఒక మొక్కు ఉంటుంది. పిల్లలు పుట్టి దక్కని ఇంట్లో, "ఈ కాన్పు దక్కితే నీ పేరే పెట్టుకుంటాము" అని తల్లి మొక్కుకుంటుంది. పేరు ఆ మొక్కు చెల్లింపు. ఆ తల్లి భాషకూ, హన్నా సమూయేలుకు పేరు పెట్టిన భాషకూ (1 సమూయేలు 1:20) దూరము మనము అనుకున్నంత ఎక్కువ కాదు.

ఈ నేల మీదికే బాప్తిస్టులు వచ్చారు. అమెరికన్ బాప్తిస్టు తెలుగు మిషను 1879లో హనుమకొండలో కేంద్రము తెరిచింది. ఆంగ్లికన్ మిషను డోర్నకల్లు వైపు పని చేసింది. కతోలికుల వరంగల్లు మేత్రాసనము 1952లో ఏర్పడింది. మాల, మాదిగ పల్లెలలో సువార్తను అంగీకరించిన కుటుంబములకు పేరు మారటము చిన్న విషయము కాదు. దొర గడిలో రాజయ్య "రాజిగాడు", ఎల్లయ్య "ఎల్లిగాడు". పూర్తి పేరు పలికించుకునే అర్హత కులమును బట్టి ఉండేది. అటువంటి ఇంట్లో బిడ్డకు ఆశీర్వాదం, దేవదానం, కృపావరం, జీవరత్నం, ప్రకాశం అని పేరు పెట్టినప్పుడు తల్లిదండ్రులు సిద్ధాంతము కంటె ముందు ఒక గౌరవమును కోరుకున్నారు. ఆ పేర్లను కూడా ఊరు కురచ చేసింది, "గాడు" తగిలించింది. అయినను బడి రిజిస్టరులో, సంఘపు పుస్తకములో అవి పూర్తిగా వ్రాయబడ్డాయి. లేఖన పదము పేరుగా పెట్టటము మూఢభక్తి అని తేలికగా కొట్టివేసేవారు ఈ చరిత్రను చూడటము లేదని చెప్పక తప్పదు.

ఇక్కడ భాషను గూర్చి ఒక చిన్న గమనిక. పాత తరములో సువార్తమ్మ, కరుణమ్మ, సంతోషమ్మ, దయామణి అన్నారు. "అమ్మ" అనో, "మణి" అనో, "రత్నం" అనో ఒక తోక చేర్చి, ఆ పదమును మనిషిగా చేసి ఇంట్లోకి తెచ్చుకున్నారు. ఈ తరములో ఆ తోక పోయింది. రక్షణ, నిరీక్షణ అని సిద్ధాంత పదము ఒంటరిగా నిలబడుతున్నది. హాజరు పిలిచే ఉపాధ్యాయుడు "ఈ రోజు రక్షణ రాలేదు" అంటాడు, పరీక్షల దినాలలో "నిరీక్షణ తప్పింది" అంటారు. తరగతి నవ్వుతుంది. అది విని ఊరకుండే పిల్ల ఉంటుంది, ఏడ్చే పిల్ల కూడా ఉంటుంది. మన పెద్దల చెవి ఈ విషయములో మనకంటె సున్నితమైనదని అనిపిస్తుంది.

లేఖనములో పేరు

వ్యక్తుల పేర్లే పెట్టాలి, పదములు పెట్టకూడదు అన్న అభిప్రాయము మొదటి పరీక్షలోనే నిలువదు. హెబ్రీ పేర్లు చాలావరకు పదములే, ఇంకా చెప్పాలంటే చిన్న వాక్యములు. యోహాను అనగా యెహోవా కృప చూపెను అని అర్థము. అజర్యా అనగా యెహోవా సహాయము చేసెను. ఎలియాజరు అనగా దేవుడు సహాయము చేసెను; అదే కుదించబడి లాజరు అయినది. మనకు యోహాను అంటే ఒక మనిషి గుర్తుకు వస్తాడు. జెకర్యా ఇంటివారికి ఆ పేరులో కృప అనే మాట వినబడింది, మనకు కృపానందం అన్నప్పుడు వినబడినట్లే. వారి బంధువులలో ఎవరికీ ఆ పేరు లేదని చుట్టాలు అభ్యంతరము చెప్పటము కూడా మనకు తెలిసిన దృశ్యమే (లూకా 1:59-63). తాత పేరు పెట్టకపోతే అలిగే మేనత్తలు మన మధ్య లేరా?

తమిళ దేశములో 1745లో బాప్తిస్మము పొందిన నీలకంఠ పిళ్ళైకు లాజరు అన్న పేరును అక్షరము మార్చి ఊరుకోలేదు, అర్థమునే మార్చుకొని దేవసహాయం అన్నారు. 2022 మే 15న రోములో పునీతుడుగా ప్రకటించబడిన దేవసహాయం ఆయనే. మన డోర్నకల్లు మొదటి బిషపు వేదనాయగం శామ్యూల్ అజరయ్య పేరు కూడా ఇందుకు చక్కని ఉదాహరణ. 1912లో అభిషేకము పొంది, ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషపు అయిన ఆయన పేరులో ఒక మాట ఈ దేశపుది, రెండు హెబ్రీ భాషవి. మూడూ భక్తి పదములే. ఆనాటి వరంగల్లు జిల్లాలో, నేటి మహబూబాబాదు జిల్లాలో ఉన్న డోర్నకల్లులో ఆ పేరును నేటికీ ఆదరముతో పలుకుతారు.

అయితే లేఖనము పేరు విషయములో హెచ్చరిక కూడా ఇస్తున్నది. ఫినెహాసు భార్య ప్రాణము పోయే వేళ కుమారునికి ఈకాబోదు అని పేరు పెట్టింది (1 సమూయేలు 4:21). ఇశ్రాయేలు మహిమ పోయిందన్న దుఃఖమును ఆ పసివాని మీద వ్రాసి వెళ్లింది. రాహేలు కూడా చనిపోతూ బెనోని అన్నది, అంటే నా దుఃఖ పుత్రుడు. అప్పుడు యాకోబు ఒప్పుకోలేదు; బెన్యామీను అన్నాడు (ఆదికాండము 35:18). భార్య చివరి మాటను కాదనటము ఆ భర్తకు తేలిక కాదు. కాని జీవితమంతా తల్లి మరణమును పేరుగా మోయటము బిడ్డకు ఇంకా కష్టము. యబ్బేజు తల్లి తన వేదనను పేరుగా పెట్టగా, ఆ వేదన తనకు రాకుండునట్లు అతడు మొఱపెట్టవలసి వచ్చింది (1 దినవృత్తాంతములు 4:9-10). హోషేయ పిల్లల పేర్లను, యెషయా కుమారుని పొడవాటి పేరును మాదిరిగా చూపేవారున్నారు. అవి ప్రవచన సూచనలు. దేవుడు స్వయముగా ఆజ్ఞాపించినవి. మనము పట్టణపు బడిలో చేర్చబోయే పిల్లలకు అవి కొలబద్ద కావు.

ఈ అంశములో అత్యంత ఉపయోగకరమైన పాఠము సౌలు కుటుంబములో ఉన్నదని మేము తలుస్తాము. దినవృత్తాంతముల వంశావళిలో సౌలు కుమారుడు ఎష్బయలు, యోనాతాను కుమారుడు మెరీబ్బయలు (1 దినవృత్తాంతములు 8:33-34). సమూయేలు గ్రంథములో వారే ఇష్బోషెతు, మెఫీబోషెతు అయినారు. బయలు అనగా యజమానుడు, ప్రభువు అని సామాన్యార్థము. సౌలు తన బిడ్డకు ఆ పేరు పెట్టిన దినమున దానిని యెహోవాకు చెందిన బిరుదుగానే పలికి ఉండవచ్చును. తరువాత ఆ మాట కనానీయుల దేవతకు గట్టిగా అంటుకుపోయింది. ఇకమీదట తనను బయలీ అని పిలువవద్దని యెహోవా చెప్పినట్లు హోషేయ 2:16 తెలుపుతున్నది. అప్పుడు వ్రాతగాండ్రు ఆ పేర్లలోని బయలు తీసి, అవమానము అని అర్థమిచ్చే బోషెతు పెట్టారు. మంచి మనసుతో పెట్టిన మాట అర్థము రెండు తరములలో మారిపోయింది. మోసినవాడు మాత్రము అదే మనిషి. పేరుగా పెట్టిన పదము మన చేతిలో ఉండదు. లోకము దానితో ఏమి చేస్తుందో మనము నిర్ణయించలేము.

ఆది సంఘపు వాడుక

క్రొత్త నిబంధనలోని విశ్వాసులు అన్య దేవతల పేర్లను మార్చుకోలేదు. అపొల్లో పేరు అపోలో దేవుని నుండి వచ్చింది. ఎపఫ్రొదితు పేరులో అఫ్రోదితే ఉన్నది. దియొనూసి పేరులో ద్రాక్షారసపు దేవుడున్నాడు. రోమా 16వ అధ్యాయములో పౌలు వందనములు చెప్పిన హెర్మే, నేరియ గ్రీకుల దేవతల పేర్లు. ఫీబే చంద్రదేవతకు పర్యాయపదము. వీరిలో ఒక్కరినైనా పేరు మార్చుకొమ్మని పౌలు చెప్పినట్లు లేదు. మూడవ శతాబ్దము నాటికి విశ్వాసుల పిల్లలలో పౌలు, పేతురు అనే పేర్లు పెరిగినట్లు అలెగ్జాండ్రియా బిషపు దియొనూసియు వ్రాశాడు. ఆ మాట వ్రాసినవాని పేరే పాత దేవుని పేరు కావటము గమనార్హము. నాలుగవ శతాబ్దము చివర యోహాను క్రిసొస్తొము, పూర్వికుల పేర్లకు బదులు పరిశుద్ధుల పేర్లు పెట్టుమని తల్లిదండ్రులను కోరాడు.

ఉత్తర ఆఫ్రికా సంఘములోనైతే మన ఆశీర్వాదం, దేవదానం వంటి పేర్లే కనిపిస్తాయి. అగస్టీను కుమారుని పేరు అదెయోదాతుసు, అనగా దేవుడిచ్చినవాడు. కార్తేజు బిషపులలో ఒకరి పేరు దెయోగ్రాతియాసు, దేవునికి కృతజ్ఞతలు. మరొకరి పేరు క్వొద్వుల్‌దెయుసు, దేవుని చిత్తమేదో అది. దైవాధీనం అని పేరున్న మన తాతలు ఆ బిషపును చూసి ఉంటే చుట్టమనుకునేవారు. ఇంగ్లాండులో ప్యూరిటనులు ఈ దారిలో చాలా దూరము పోయారు. 1653లో కూడిన ఒక పార్లమెంటుకు అందులోని సభ్యుడైన ప్రైజ్‌గాడ్ బేర్‌బోను పేరును వెక్కిరింపుగా తగిలించారు. దేవుని స్తుతించుము అన్న మాట ఎగతాళికి పనికివచ్చింది. ప్రైజీ, బ్లెస్సీ అని పెట్టుకునేవారు ఈ కథను తెలుసుకొని ఉండటము మంచిది.

దేవుని బిరుదులు

ఇప్పుడు అసలు చిక్కు ప్రశ్నకు వస్తాము. యేసు, మెస్సీయ, ఇమ్మానుయేలు వంటి పేర్లు మనుష్యులకు పెట్టవచ్చునా?

యేసు అన్నది ఆ కాలపు యూదులలో సామాన్యమైన పేరు. పౌలు తోటి పనివారిలో యూస్తు అను యేసు ఒకడు (కొలొస్సయులకు 4:11). పాఫులో కనిపించే గారడీవాని పేరు బర్ యేసు (అపొస్తలుల కార్యములు 13:6). మత్తయి 27:16-17లో కొన్ని ప్రతులు బరబ్బను యేసు బరబ్బ అంటున్నాయి. మూడవ శతాబ్దపు ఓరిగెను ఈ పాఠమును ఎరుగును. పాపి అయిన వానికి ఆ పేరు తగదని ఆయన దానిని ఇష్టపడలేదు. మన కాపరుల సమావేశములలో వినబడే మొదటి అభిప్రాయము అంత పాతది. కాని యెహోషువ, యేసు ఒకే పేరు. గ్రీకులో రెండింటికీ ఒకే రూపము. 1895లో వినుకొండలో పుట్టిన మహాకవి గుఱ్ఱం జాషువ పేరు కూడా అదే. తెలుగు చెవికి జాషువ వేరు, యేసు వేరు కాబట్టి ఎవరికీ అభ్యంతరము తోచలేదు. స్పెయిను దేశస్థులు హెసూస్ అని నిస్సంకోచముగా పెట్టుకుంటారు, ఆంగ్లేయులు పెట్టరు. దీనిని బట్టి అభ్యంతరము అక్షరములలో లేదు, ఆయా భాష మాట్లాడేవారి చెవిలో ఉన్నది.

మెస్సీయ పేరుపై 2013లో అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రములో వ్యాజ్యము నడిచింది. బిడ్డ ఇంటిపేరును గూర్చిన తగవు విచారిస్తున్న మేజిస్ట్రేటు, అది ఒక్కరికే చెందిన బిరుదని చెప్పి బిడ్డ పేరును మార్టిన్‌గా మార్చుమని ఆగస్టులో ఆదేశించింది. సెప్టెంబరులో పై న్యాయాధికారి ఆ ఆదేశమును రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేశాడు. ఆ మేజిస్ట్రేటు క్రైస్తవ భక్తితోనే అలా చేసింది. అయినను పై న్యాయాధికారి తీర్పే సరియైనదని మేము అనుకుంటాము. అధికారి కలముతో పరిశుద్ధ నామమును కాపాడవలసిన అవసరము సంఘమునకు లేదు. రేపు అదే కలము మన పేర్ల మీదికీ వస్తుంది. మెస్సీయ అనగా అభిషిక్తుడు. రాజులకు, పారసీక రాజైన కోరెషుకు సహితము (యెషయా 45:1) ఆ మాట వాడబడింది. అయితే ఒక కుటుంబము తొట్టెల దగ్గర మమ్మును అడిగితే, వద్దనే చెబుతాము. పేరు చెడ్డది కాదు. ఆ పేరున్న పిల్లవాడు చిన్న తప్పు చేసినా ఊరు విడిచిపెట్టదు.

పొరుగువారు ఏమి చేస్తున్నారో చూస్తే మనకు కొంత వెలుగు దొరుకుతుంది. ముస్లిములు దేవునికే చెందిన నామమును ఒంటరిగా పెట్టరు; అబ్దుల్ అని ముందు చేరుస్తారు. అబ్దుల్ రహమాన్ అంటే కరుణామయుని దాసుడు. హిందువుల ఆలోచన వేరు. భాగవతములోని అజామిళుడు చావు వేళ నారాయణా అని కొడుకును పిలిచి తరించాడు. భగవన్నామమును బిడ్డకు పెడితే పిలుపే స్మరణ అవుతుందన్న నమ్మకమునకు ఆ కథ ఆధారము. తెలుగు భాగవతము అనగానే మన పక్క బమ్మెర పోతన గుర్తుకు వస్తాడు గాని, అజామిళుని కథ ఉన్న ఆరవ స్కంధము తెలుగు చేసినది ఏర్చూరి సింగన. ఆరాధన, స్తుతి అని బిడ్డను పిలిస్తే ఇంట్లో ఆరాధన జరుగుతున్నట్లే అని చెప్పే మన విశ్వాసులు, తెలియకనే అజామిళుని వాదమును చెబుతున్నారు. పిలుపు ప్రార్థన కాదు. "స్తుతీ, పాలు పొంగుతున్నాయి చూడు" అన్న కేకలో స్తుతి లేదు, పాలున్నాయి.

మన పెద్దలు ఈ చిక్కును ఎప్పుడో విప్పారు. యేసుదాసు, యేసుపాదం, యేసురత్నం, క్రీస్తుదాసు, ప్రభుదాసు. ప్రభువు నామము ఉన్నది, బిడ్డ ఆ నామము కింద ఉన్నాడు. అబ్దుల్ చేసే పనినే తెలుగులో దాసు, పాదం చేస్తున్నాయి. ఏ మహాసభ తీర్మానమూ లేకుండా పల్లె సంఘములు కనుగొన్న ఈ పద్ధతిలో మంచి వేదాంతము ఉన్నది. పాతబడినవని వాటిని విడిచిపెట్టి, ఫోనులో వెదకి షెకీనా అని పెట్టుకుంటున్నాము. ఆ నామవాచకము బైబిలులో ఒక్క చోట కూడా లేదు. అది తరువాతి యూదు రబ్బీల పరిభాష.

మారిన విశ్వాసము, మారని పేరు

క్రొత్తగా విశ్వాసములోనికి వచ్చిన సమ్మయ్య పేరు మార్చుకోవాలా? మార్చుకోకుంటే బాప్తిస్మము ఇవ్వమని చెప్పిన కాపరులు ఉన్నారు. ఈ పట్టుదలకు లేఖనాధారము లేదు. ఒంగోలు ప్రాంతములో గొప్ప ఉజ్జీవమునకు ద్వారము తెరచిన యెఱ్ఱగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మము పొందాడు, పేరయ్యగానే మిగిలాడు. 1833లో బాప్తిస్మము పొందిన పురుషోత్తమ చౌదరి పేరు విష్ణునామము. ఆయన వ్రాసిన కీర్తనలను నూట తొంభై ఏండ్లుగా తెలుగు సంఘము పాడుతున్నది. ఆ పేరు మన ఆరాధనను మలినపరచలేదు. రోమను కతోలిక సంఘము 1917 నాటి ధర్మశాస్త్రములో క్రైస్తవ నామము ఉండాలని, తల్లిదండ్రులు ఒప్పుకోకుంటే ఒక పరిశుద్ధుని పేరు చేర్చి రెండింటినీ నమోదు చేయాలని గురువులను కోరింది. 1983 నాటి క్రొత్త శాస్త్రములో (855వ సూత్రము) క్రైస్తవ భావమునకు విరుద్ధమైన పేరు పెట్టకుండా చూస్తే చాలునన్నది. కాజీపేటలోని కతోలిక ప్రధానాలయము ఫాతిమా మాతకు అంకితమైనది. 1917లో మరియ దర్శనములు జరిగినట్లు చెప్పబడే పోర్చుగలు గ్రామము పేరు ఫాతిమా. ఆ మాట అరబ్బీ, ముస్లిముల ప్రవక్త కుమార్తె పేరు. పేర్లకు సరిహద్దు గోడలు కట్టేవారు ఫాతిమానగరు వీధిలో ఒకసారి నిలబడి ఆలోచించాలి.

రెండు పేర్ల బ్రతుకు

ఈ చర్చలో మిక్కిలి బాధాకరమైన భాగము ఒకటి ఉన్నది. సంఘపు పుస్తకములో దీవెన, బడి పత్రములో వేరొక పేరు. ఇంట్లో సువార్త, కాలేజీలో స్వాతి. ఎందుకో అందరికీ తెలుసు. రాజ్యాంగ (షెడ్యూల్డ్ కులాల) ఉత్తర్వు, 1950లోని మూడవ పేరా ప్రకారము హిందువులకు, 1956 సవరణ తరువాత సిక్కులకు, 1990 సవరణ తరువాత బౌద్ధులకు మాత్రమే ఎస్సీ హోదా ఉన్నది. క్రైస్తవులైన దళితులు తెలుగు రాష్ట్రములలో బీసీ-సి వర్గములో ఉన్నారు. వారికి కేటాయించినది ఒక్క శాతము. 2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరి నుండి వచ్చిన ఒక కేసులో, క్రైస్తవ విశ్వాసములో ఉంటూ ఉద్యోగము కొరకు మాత్రము హిందువునని చెప్పుకొనుటను అంగీకరించలేదు. ఉత్తర్వు మాట్లాడుతున్నది అవలంబించే మతమును గూర్చి, పేరును గూర్చి కాదు. కాని కార్యాలయపు బల్ల దగ్గర మొదట కనబడేది పేరే. కాబట్టి తల్లిదండ్రులు భయపడుతున్నారు.

ఈ తల్లిదండ్రులను వేదిక మీదనుండి వేషధారులని నిందించటము సులభము. ఆ నిందతో మేము ఏకీభవించము. కులము మారకుండా మతము మారినందుకు మాత్రమే హక్కు పోవటము అన్యాయమని సంఘములు దశాబ్దములుగా వాదిస్తున్నాయి. ఆ అన్యాయపు బరువు మొదట పడుతున్నది పసిబిడ్డ పేరు మీద. అయినను బిడ్డ వైపు నుండి చూస్తే ఇంకొక సంగతి కూడా కనబడుతుంది. ఎనిమిదేండ్ల పిల్లకు, "బయట నీ పేరు ఇది చెప్పకు" అని నేర్పితే, ఆ పిల్ల నేర్చుకునేది చట్టమును గూర్చి కాదు. తన నిజమైన పేరు సిగ్గుపడవలసినది అని నేర్చుకుంటుంది. స్తుతి అనే మాటను దాచిపెట్టవలసిన మాటగా నేర్పటము కంటె, మొదటినుండి రెండు చోట్లా పలకగలిగిన ఒకే పేరు పెట్టటము మేలు. కరుణ, శాంతి, విమల, దయాకర్, ఆనంద్, ప్రకాశ్, జ్యోతి. ఇవి లేఖనములోని గొప్ప మాటలే; ఏ పత్రములోనూ తల వంచుకోవు. ఇది భయమునకు లొంగటము అని కొందరంటారు. బబులోనులో దానియేలుకు బెల్తెషాజరు అని పేరు పెట్టారు, అందులో రాజు దేవుని పేరున్నది (దానియేలు 4:8). దానియేలు భోజనము విషయములో ఎదిరించాడు, ప్రార్థన విషయములో ఎదిరించాడు, పేరు విషయములో పోరాడినట్లు గ్రంథము చెప్పలేదు.

కాపరులకు కొన్ని మాటలు

పేరు అడిగినప్పుడు వెంటనే చెప్పవద్దు. ఈ పేరు ఎందుకు కోరుకుంటున్నారని అడగండి. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వచ్చిన వాగ్దానపు కార్డులోని మాట అంటారు కొందరు. పిల్లలు లేని దినాలలో మొక్కుకున్నామంటారు కొందరు. దేవుడు చేసిన మేలును చెప్పే పేరు బిడ్డకు తేలిక. దేవదానం అన్నవాడు ఏమీ చేయనక్కరలేదు, తాను పుట్టుటయే ఆ పేరునకు నెరవేర్పు. బిడ్డ చేయవలసిన పనిని చెప్పే పేరు బరువు. సువార్త అని పేరు పెట్టి, పెద్దయ్యాక సేవకు పంపుతామని సంఘము ఎదుట ప్రకటించిన ఇంట్లో, ఆ పిల్ల నర్సింగు చదువుతానంటే రేగే కలతను చూసినవారికి ఈ తేడా చెప్పనక్కరలేదు. హన్నా మొక్కుకున్నది నిజమే. అయితే దేవుడు రాత్రివేళ సమూయేలునే పేరుతో పిలిచాడు, తల్లి మొక్కును బట్టి ఊరుకోలేదు.

శిశు బాప్తిస్మమిచ్చే సి.ఎస్.ఐ. సంఘములలో పేరు సంస్కారముతో కలిసి పలుకబడుతుంది గనుక, అక్కడ కాపరి ముందే కుటుంబముతో మాట్లాడుకొని ఉండాలి. నీళ్ల దగ్గర వాదన పెట్టుకోకూడదు. బాప్తిస్టు సంఘములలో శిశు ప్రతిష్ఠ వేరు, బాప్తిస్మము వేరు కాబట్టి కొంత వెసులుబాటు ఉన్నది. ఏ పద్ధతిలోనైనా బాప్తిస్మమునకు ఆధారము త్రియేక దేవుని నామమే. పౌలు నామమున మీరు బాప్తిస్మము పొందలేదు గదా అని కొరింథీయులను అడిగిన ప్రశ్న (1 కొరింథీయులకు 1:13) మన పేర్లకూ వర్తిస్తుంది.

తొందర అవసరము లేదని కూడా తల్లిదండ్రులకు చెప్పండి. జనన మరణ నమోదు చట్టము, 1969 ప్రకారము బిడ్డ పేరు లేకుండానే జననమును నమోదు చేయవచ్చును. పేరును పన్నెండు నెలలలోపు రుసుము లేకుండా, ఆ తరువాత పదిహేను ఏండ్ల వరకు రుసుము చెల్లించి చేర్చుకోవచ్చును. ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చే ఆటోలోనే పేరు తేల్చుకొమ్మని ఎవరూ అడగటము లేదు. ఆ పేరును వారము దినములు ఇంట్లో పిలిచి చూడమనండి. ముద్దుగా ఒకసారి, కోపముతో ఒకసారి, వీధి చివర వరకు వినబడేలా ఒకసారి.